డిస్కు ఆగిపోయినా సర్వర్ ఆగదు: రెయిడ్ లోపల జరిగేదేమిటి?

ఒక ఆసుపత్రి సర్వర్‌లో నాలుగు హార్డ్ డిస్కులు ఉన్నాయనుకుందాం. వాటిలో ఒకటి చెడిపోయింది. అయినా స్కాన్ చిత్రాలు మామూలుగానే తెరుచుకుంటాయి, కొత్తవి సేవ్ అవుతాయి. ఎవరూ అడగకపోతే ఆ సంగతి నెలల తరబడి బయటపడకపోవచ్చు. ఈలోగా రెండో డిస్కు కూడా పోతే సమాచారం మొత్తం పోయినట్టే.

ఇలా డిస్కులను గుంపుగా వాడే పద్ధతికి రెయిడ్ అని పేరు. 1988లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ తమ పరిశోధన పత్రంలో ఈ పేరు వాడారు. ఖరీదైన పెద్ద డిస్కు బదులు చవకైనవి చాలా కలిపి వాడవచ్చన్నది వారి వాదన. కానీ డిస్కుల సంఖ్య పెరిగేకొద్దీ ఏదో ఒకటి చెడిపోయే అవకాశమూ పెరుగుతుంది. అందుకే కొంత అదనపు సమాచారం దాచుకోవాలి.

ఆ అదనపు సమాచారం ఎలా పనిచేస్తుంది? మూడు డిస్కుల్లో 7, 5, 9 అనే అంకెలున్నాయి. నాలుగో దానిలో వాటి మొత్తం 21 రాసిపెట్టాం. రెండో డిస్కు పోతే 21 నుంచి 7, 9 తీసేస్తే చాలు, 5 తిరిగి వస్తుంది. రెండు డిస్కులు పోతే మాత్రం ఒక సమీకరణం, రెండు తెలియని రాశులు. కంప్యూటర్ కూడికకు బదులు ఎక్సార్ అనే బిట్ల లెక్క వాడుతుంది. దీన్ని ప్యారిటీ అంటారు. రెయిడ్-5 పద్ధతిలో దాన్ని అన్ని డిస్కులకూ పంచి రాస్తారు.

లైనక్స్‌లో ఈ గుంపులను తయారు చేయడానికీ, సరిదిద్దడానికీ 'ఎండీఏడీఎం' అనే కమాండ్ ఉంది. గుంపు పరిస్థితి 'ఎండీస్టాట్' అనే ఫైల్లో కనిపిస్తుంది. నాలుగు డిస్కులూ బాగుంటే నాలుగు 'యు' అక్షరాలు, ఒకటి పోతే ఆ చోట ఒక చిన్న అడ్డగీత. అంత పెద్ద వార్తకు అంతే గుర్తు! జెడ్ఎఫ్ఎస్ అనే మరో వ్యవస్థ ఈ విషయంలో నయం. 'జెడ్‌పూల్ స్టేటస్' అని టైపు చేస్తే 'డిగ్రేడెడ్' అని మాటల్లోనే చెబుతుంది.

తర్వాతి మెట్టు దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి. చెడిన డిస్కుకు బదులు మంచిదాన్ని బయటికి లాగేస్తే గుంపు కూలిపోతుంది. డిస్కులకు లైనక్స్ ఇచ్చే పేర్లు రీస్టార్ట్ చేసినప్పుడు మారవచ్చు. కాబట్టి పేరును నమ్మకుండా డిస్కు మీద ముద్రించిన సీరియల్ నంబరును సరిచూడాలి.

కొత్త డిస్కు పెట్టాక పునర్నిర్మాణం మొదలవుతుంది. 16 టెరాబైట్ల డిస్కును సెకనుకు 200 మెగాబైట్ల వేగంతో నింపినా దాదాపు 22 గంటలు పడుతుంది. అంతసేపూ మిగిలిన డిస్కులను మొదటి నుంచి చివరిదాకా చదవాలి. ఎప్పుడూ తెరవని ఏ పాత ఫైలు కిందో దాగిన లోపం అప్పుడే బయటపడితే దాన్ని సరిదిద్దడానికి ప్యారిటీ మిగిలి ఉండదు. అందుకే గుంపు ఆరోగ్యంగా ఉన్నప్పుడే అంతా చదివించి చూస్తారు. దీన్ని స్క్రబ్ అంటారు. డెబియన్ లైనక్స్‌లో ఎండీఏడీఎం ప్యాకేజీ ఈ పనిని నెలకోసారి, మొదటి ఆదివారం, తనంతట తానే చేసేలా అమర్చి ఉంటుంది. డిస్కు పోగానే ఈమెయిల్ పంపమని కూడా చెప్పవచ్చు. అయితే ఆ ఈమెయిల్ ఎవరైనా చూసే చిరునామాకే వెళ్లాలి.

రెయిడ్ చేయలేని పని ఒకటుంది. పొరపాటున ఒక ఫోల్డర్ తుడిచేస్తే ఆ మార్పు డిస్కులన్నింటిలోనూ వెంటనే నమోదైపోతుంది. దాన్ని తిరిగి తెచ్చుకోవాలంటే మరో చోట బ్యాకప్ ఉండాల్సిందే.