ఎన్నికల చట్టాల్లో సాంకేతిక సవరణలు – ఓటరుకు అందే సమాచారం

1. లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• సాంకేతిక సవరణ అంటే ఏమిటో వివరించగలరు.
• ఓటర్ల నమోదులో 2022 నుంచి వచ్చిన మార్పులను చెప్పగలరు.
• మీ అవసరానికి ఏ ఫారం వాడాలో నిర్ణయించుకోగలరు.
• ఓటరు సమాచార చీటీకి, గుర్తింపు పత్రానికి ఉన్న తేడాను గుర్తించగలరు.

2. పరిచయం

ఎన్నికల చట్టాల సవరణ అనగానే మనకు రిజర్వేషన్లు, నియోజకవర్గాల పునర్విభజన వంటి పెద్ద విషయాలు గుర్తుకు వస్తాయి. ఇవి విధానానికి సంబంధించిన మార్పులు. 61వ రాజ్యాంగ సవరణ ద్వారా ఓటు హక్కు వయస్సును 21 నుంచి 18 సంవత్సరాలకు తగ్గించడం అటువంటిదే. వీటితోపాటు, ఎవరి దృష్టికీ అంతగా రాని మార్పులు కొన్ని ఉంటాయి. ఒక తేదీ, ఒక పదం, ఒక ఫారం నంబరు మారుతుంది. వీటిని సాంకేతిక సవరణలు అంటాం. హక్కు ఎవరికి ఉండాలనేది విధానం నిర్ణయిస్తుంది. ఆ హక్కును ఎప్పుడు, ఏ పద్ధతిలో వాడుకోవాలనేది సాంకేతిక నిబంధన నిర్ణయిస్తుంది. అందుచేత వీటిని చిన్నవిగా భావించడం సరికాదు.

3. అర్హత తేదీలో మార్పు

18 సంవత్సరాలు నిండిన రోజునే ఎవరి పేరూ ఓటర్ల జాబితాలో చేరదు. చట్టం నిర్ణయించిన ఒక తేదీ నాటికి 18 నిండి ఉండాలి. దీనినే అర్హత తేదీ అంటారు. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1950 ప్రకారం చాలాకాలం పాటు ఏడాదికి ఒకటే అర్హత తేదీ, జనవరి 1, ఉండేది. పార్లమెంటు 2021 డిసెంబరులో ఆమోదించిన ఎన్నికల చట్టాల (సవరణ) చట్టం దీనిని మార్చింది. 2022 ఆగస్టు 1 నుంచి జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 అనే నాలుగు అర్హత తేదీలు అమలులోకి వచ్చాయి.

దీని ఫలితాన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. 2006 ఫిబ్రవరి 15న పుట్టిన ఒక విద్యార్థినిని తీసుకోండి. ఆమెకు 2024 ఫిబ్రవరి 15న 18 నిండాయి. పాత నిబంధన ప్రకారం ఆమె 2025 జనవరి 1 వరకు ఆగాలి. కొత్త నిబంధన ప్రకారం 2024 ఏప్రిల్ 1కే అర్హురాలవుతుంది. ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణల్లో లోక్‌సభ ఎన్నికల పోలింగ్ 2024 మే 13న జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో అదే రోజు శాసనసభకు కూడా పోలింగ్ జరిగింది. సకాలంలో దరఖాస్తు చేసి ఉంటే ఆమె ఆ రోజు ఓటు వేయగలిగేది. పాత నిబంధనే ఉండి ఉంటే తరువాతి సాధారణ ఎన్నికల దాకా, అంటే దాదాపు ఐదేళ్లు, ఎదురుచూడవలసి వచ్చేది.

"సకాలంలో" అన్న మాటను గమనించండి. నామినేషన్ల చివరి తేదీ దాటిన తరువాత ఆ ఎన్నిక ముగిసే వరకు జాబితాలో కొత్త పేర్లు చేర్చరు. దరఖాస్తును విచారించడానికి కూడా కొన్ని రోజులు పడుతుంది. అందువల్ల 17 ఏళ్లు నిండిన వారు ముందుగానే దరఖాస్తు చేసుకునే అవకాశాన్ని ఎన్నికల సంఘం కల్పించింది.

4. ఒక పదం మారితే

సైన్యంలో పనిచేసే వారు సర్వీసు ఓటర్లుగా తమ స్వస్థలంలో నమోదు కావచ్చు. వారితో కలిసి నివసించే "భార్య"కు కూడా చట్టం ఆ సౌకర్యం ఇచ్చింది. మరి సైన్యంలో పనిచేసేది మహిళ అయితే? ఆమె భర్తకు ఆ సౌకర్యం లేదు. 2021 సవరణ "భార్య" స్థానంలో "జీవిత భాగస్వామి" అనే అర్థం వచ్చే పదాన్ని చేర్చి ఈ వివక్షను తొలగించింది.

5. ఫారాల్లో మార్పులు

ఓటర్ల నమోదు నియమాలు, 1960ను 2022లో సవరించడంతో ఫారాలు కూడా మారాయి. ప్రస్తుతం మీరు గుర్తుంచుకోవలసినవి:

ఫారం-6: మొదటిసారి ఓటరుగా నమోదు కావడానికి మాత్రమే.
ఫారం-6ఎ: విదేశాల్లో ఉంటున్న భారత పౌరుల నమోదుకు.
ఫారం-6బి: ఆధార్ సంఖ్య తెలియజేయడానికి. ఇది స్వచ్ఛందం.
ఫారం-7: జాబితాలోని పేరుపై అభ్యంతరం తెలపడానికి, పేరు తొలగించమని కోరడానికి.
ఫారం-8: చిరునామా మార్పు, వివరాల సవరణ, కొత్త గుర్తింపు కార్డు, వైకల్యం నమోదు కోసం.

గతంలో ఒక నియోజకవర్గం నుంచి మరొకదానికి మారిన వారు ఫారం-6నే వాడేవారు. ఇప్పుడు వారు కూడా ఫారం-8 వాడాలి. గుంటూరు నుంచి హైదరాబాదుకు ఇల్లు మారిన వ్యక్తి పాత అలవాటు ప్రకారం ఫారం-6 నింపితే, కొత్త ఓటరునని ప్రకటించినట్లవుతుంది. ఒకే వ్యక్తి పేరు రెండు చోట్ల ఉండటం చట్టవిరుద్ధం.

6. ఇంటి నుంచి ఓటు

ఎన్నికల నిర్వహణ నియమాలు, 1961 ప్రకారం వయోవృద్ధులకు, 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నవారికి పోస్టల్ బ్యాలెట్ సౌకర్యం ఉంది. ఇందుకు ఫారం-12డి ఇవ్వాలి. 2023 నవంబరులో జరిగిన తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో 80 ఏళ్లు దాటిన వారికి ఈ అవకాశం ఉండేది. 2024 మార్చిలో ఈ వయస్సును 85కు పెంచారు. అంటే శాసనసభ ఎన్నికల్లో ఇంటి వద్దే ఓటు వేసిన 82 ఏళ్ల వృద్ధుడు, వైకల్యం లేకపోతే, ఆరు నెలల తరువాత లోక్‌సభ ఎన్నికలకు పోలింగ్ కేంద్రానికి వెళ్లవలసి వచ్చింది. సాంకేతిక సవరణ ప్రతిసారీ సౌకర్యాన్ని పెంచుతుందనుకోకూడదు.

7. ఓటరు సమాచార చీటీ

చట్టం మారినప్పుడు ఓటరు చేతికి వచ్చే కాగితాలు కూడా మారాలి. ఒకప్పుడు పోలింగ్‌కు ముందు ఫొటో ఉన్న చీటీలు పంచేవారు. దానిని చూపి ఓటు వేసేవారు కూడా. 2019లో ఎన్నికల సంఘం ఫొటో చీటీ ఒక్కటే గుర్తింపుగా చెల్లదని ఆదేశించింది. 2021లో దాని స్థానంలో ఫొటో లేని ఓటరు సమాచార చీటీని ప్రవేశపెట్టింది. ఇందులో పోలింగ్ కేంద్రం, తేదీ, సమయం, క్యూఆర్ కోడ్ వంటివి ఉంటాయి. పేరును త్వరగా వెతకడానికి వీలుగా క్రమసంఖ్యను, పార్ట్ నంబరును పెద్ద అక్షరాల్లో ముద్రించాలని 2025 మేలో నిర్ణయించారు.

చీటీ దారి చూపుతుంది. గుర్తింపు కార్డు మీరెవరో చెబుతుంది. ఓటు హక్కు వినియోగానికి ఆధారం మాత్రం జాబితాలోని మీ పేరే. కార్డు ఉన్నా జాబితాలో పేరు లేకపోతే ఓటు వేయలేరు. పేరు ఉండి కార్డు లేకపోతే, సంఘం అనుమతించిన ఇతర గుర్తింపు పత్రాల్లో ఒకదానిని చూపి వేయవచ్చు.

8. స్థానిక ఎన్నికలతో సంబంధం

పంచాయతీ, పురపాలక ఎన్నికలను రాష్ట్ర ఎన్నికల సంఘం నిర్వహిస్తుంది. అయితే మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గ్రామ పంచాయతీ ఓటర్ల జాబితాకు శాసనసభ ఓటర్ల జాబితాయే మూలం. కాబట్టి అక్కడ మీ పేరు లేకపోతే, సర్పంచి ఎన్నికలో కూడా మీకు ఓటు ఉండదు.

9. సారాంశం

అర్హత తేదీలు నాలుగు కావడం, సర్వీసు ఓటర్ల నిబంధనలో పదం మారడం, ఫారాలను క్రమబద్ధం చేయడం, సమాచార చీటీ రూపం మారడం సాంకేతిక సవరణలకు ఉదాహరణలు. ఇవి ఓటు హక్కు వినియోగాన్ని నేరుగా ప్రభావితం చేస్తాయి.

10. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 2007 జులై 2న పుట్టిన వ్యక్తి ఏ అర్హత తేదీకి ఓటరుగా నమోదు కాగలరు? ఒకే అర్హత తేదీ ఉన్నట్లయితే ఎప్పటివరకు ఆగవలసి వచ్చేది?
2. ఓటరు సమాచార చీటీ గుర్తింపు పత్రంగా ఎందుకు చెల్లదు?
3. కృత్యం: మీ ఇంట్లోని ఓటర్లందరి పార్ట్ నంబరు, క్రమసంఖ్యలను జాబితాలో చూసి రాసుకోండి. ఎవరి పేరైనా లేకపోయినా, తప్పుగా ఉన్నా, ఏ ఫారం ఇవ్వాలో గుర్తించి మీ బూత్ స్థాయి అధికారిని సంప్రదించండి.