పాస్‌బుక్కే నేతగానికి సాక్షి

కోయంబత్తూరు, మధుర ప్రాంతాల మన పాత తెలుగు పేటలలో మగ్గం లెక్క చాలకాలం నోటి లెక్కగానే నడిచినది. షావుకారు నూలు ఇచ్చును. మనము నేసి చీర అప్పగింతుము. అడ్వాన్సు పోను మిగిలిన మజూరీ చేతిలో పడును. ఎంత ముట్టినది, ఎంత బాకీ తీరినది అని తరువాత అడిగితే చూపుటకు కాగితముండదు. నమ్మకము మంచిదే. దానికి లెక్క తోడుంటే ఇరువురికీ క్షేమము.

అందుచేత మజూరీ ఖాతాలోనే పడవలెనని మా మనవి. కనీస నిలువ లేకుండా ఖాతా తెరచు జన్‌ధన్ పథకము 2014 ఆగస్టు 28న మొదలైనది. నెలనెలా వచ్చిన సొమ్ము పాస్‌బుక్కులో కనబడితే, అప్పు అడుగునప్పుడు మన ఆదాయమునకు అదే రుజువు. నేతగానికి 6 శాతం వడ్డీకి అప్పు దొరుకుటకై కేంద్ర ప్రభుత్వము వీవర్ ముద్రా పథకము పెట్టినది. అడ్వాన్సుకు కట్టుబడి తక్కువ మజూరీకి నేయుటకంటె, బ్యాంకుకు వెళ్లి దాని షరతులు విచారించుట మేలు.

చీరలకు వర్తకుడు చెక్కు ఇచ్చినచో తేదీ చూడవలెను. ఆ తేదీనుండి 3 నెలలే అది చెల్లును. ఖాతాలో సొమ్ము లేక చెక్కు తిరిగివస్తే, బ్యాంకు ఇచ్చిన చీటీ పారవేయరాదు. అది అందిన 30 రోజులలో వర్తకునికి వ్రాతమూలకముగా నోటీసు పంపవలెను. నోటీసు అందిన 15 రోజులలో అతడు చెల్లించకున్న, ఆపైన నెలలోగా కోర్టులో ఫిర్యాదు చేయవచ్చును. గడువు దాటనీయక వకీలును కలిసికొనవలెను.

2016లో వచ్చిన యూపీఐ వలన ఫోనుమీదనే సొమ్ము అందుచున్నది. ఒక్క మాట జ్ఞాపకముంచుకొనవలెను: సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు. పిన్ కొట్టుమన్నారంటే సొమ్ము మన ఖాతానుండి పోవుచున్నదన్నమాట. కొనువాని ఫోనులోని బొమ్మ చూచి చీర ఇవ్వరాదు. మన ఖాతాలో జమ చూచుకొనియే ఇవ్వవలెను. మోసపోతే వెంటనే 1930కి ఫోను చేసి, బ్యాంకుకును తెలుపవలెను.

కండెలు చుట్టునదీ, ఆసు పోయునదీ మన ఇంటి ఆడవారే. వారి పాలు మజూరీ వారి పేరిట ఖాతాలో పడుట న్యాయము. పాస్‌బుక్కులోని అక్షరములు మనకు రాకున్న, బడికి పోవు పిల్లలున్నారు. నెలకొకసారి వారిచేత చదివించుకొని, ఇచ్చిన చీరల లెక్కతో సరిచూచుకొనవలెను.