గిన్నెకూ ఉంది చర్మం... గీకేయకండి!

గిన్నె అద్దంలా మెరిస్తేనే తోమినట్టు లెక్క. అందుకే పీచు అరిగేదాకా రుద్దుతాం. కానీ చాలా లోహాల మీద కంటికి ఆనని పొర ఒకటి ఉంటుంది. అది మురికి కాదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి లోహం తనకు తానే కప్పుకునే ఆక్సైడు పొర. దాన్ని ఎక్కడ కాపాడాలో, ఎక్కడ వదిలించాలో తెలిస్తే గిన్నెకూ మేలు, ఒంటికీ మేలు.

తుప్పు వేరు, నలుపు వేరు

మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో దొరికే ఇనుప ఖనిజం ఇనుమూ ఆక్సిజనూ కలిసిన రాయే. కొలిమిలో కరిగించి వాటిని విడదీస్తాం. తడి తగిలిందంటే ఇనుము మళ్లీ పుట్టింటి దారి పడుతుంది. అదే తుప్పు! పెళుసుగా రాలిపోతుంది కాబట్టి లోపలి ఇనుముకు అడ్డుగా నిలవదు.

అదే ఇనుము మీద ఇంకో పొర కూడా పుడుతుంది. భూపాలపల్లి జిల్లా చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రం లాంటి చోట్ల బాయిలరు గొట్టాల లోపల, వేడి నీళ్లు తగిలి ఉక్కు మీద సన్నని నల్లపొర ఏర్పడుతుంది. పేరు మాగ్నటైట్. ఇది గట్టిగా అంటిపెట్టుకుని గొట్టాన్ని కాపాడుతుంది. అందుకే అక్కడి నీళ్లలో ఆమ్లగుణం చేరకుండా జాగ్రత్త పడతారు.

మన దోసెల పెనం నలుపు కూడా ఇలాంటి రక్షణే. కాకపోతే అందులో ఎక్కువ పాలు కాలి గట్టిపడిన నూనె.

అల్యూమినియం సంగతి

అల్యూమినియం మీద సహజంగా ఉండే పొర మందం మిల్లీమీటరులో లక్షో వంతు కూడా ఉండదు. గీకితే వెంటనే మళ్లీ వస్తుంది. కానీ గీకిన ప్రతిసారీ కొంత లోహం అరుగుతుంది. పులుపు, చాకలి సోడా ఈ పొరను కరిగిస్తాయి. చింతపండు ఉడికించాక నల్లబడ్డ గిన్నె తెల్లబడిందంటే, ఆ నలుపు పులుసులో కలిసినట్టే!

ఈ పొరనే కావాలని మందంగా పెంచడాన్ని అనొడైజింగ్ అంటారు. లోహాన్ని ఆమ్లంలో ముంచి కరెంటు పంపిస్తారు. 1923లో సముద్ర విమానాల భాగాలను ఉప్పునీటి నుంచి కాపాడేందుకు దీన్ని పరిశ్రమలో వాడారు. ఇప్పుడు 'హార్డ్ అనొడైజ్‌డ్' పేరుతో మన వంటింటికి వచ్చింది.

ఇత్తడికి మాత్రం కళాయి

జనగామ జిల్లా పెంబర్తి ఇత్తడి పనితనానికి భౌగోళిక గుర్తింపు ఉంది. అలాంటి దీపాలను, బొమ్మలను చింతపండుతో తోమి మెరిపించుకోవచ్చు. వంటపాత్ర లెక్క వేరు. ఇత్తడి పొర పులుపుకి ఆగదు, చిలుము పడుతుంది. లోపల కళాయి ఉండాల్సిందే.

ఇవి గుర్తుంచుకోండి

* పచ్చళ్లు, సాంబారు అల్యూమినియం, ఇనుము, కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో నిలవ ఉంచొద్దు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లోనూ ఇదే చెప్పింది.
* అల్యూమినియానికి చాకలి సోడా, ఇనుప పీచు వద్దు. మెత్తని పీచు చాలు.
* పెనం కడగగానే తుడిచి, వేడిచేసి, చుక్క నూనె రాయండి.
* స్టీలు గిన్నె మాడితే కనిపించే నీలి, పసుపు రంగులు కూడా ఆక్సైడు పొరే. భయం లేదు, నిమ్మచెక్కతో రుద్దితే పోతాయి.