గడ్డికోత యంత్రమున ఎక్సిలేటరు వైరు పట్టివేసినచో చేయవలసిన పని

అశ్వారావుపేట, దమ్మపేట ప్రాంతములలోని పామాయిలు తోటలందును, భద్రాచలము వైపు అడవి నానుకొనియున్న చేలగట్ల మీదను, తొలకరి పడినది మొదలు గడ్డి యెడతెగక పెరుగుచుండును. కూలీలు దొరకని దినములలో పెట్రోలు బ్రష్ కట్టరే రైతునకు ఆధారము. వానకాలమున ఈ యంత్రముతో వచ్చు చిక్కులలో ఒకటి మిగుల అపాయకరమైనది. అది, నొక్కిన మీటను వదలినను ఇంజను వేగము తగ్గకుండుట.

వేగము తగ్గినపుడే లోపలి క్లచ్చి విడివడి బ్లేడు నిలుచును. తగ్గనిచో బ్లేడు తిరుగుచునే యుండును. తడిగట్టుపై కాలు జారినచో ఏమగునో చెప్పనక్కరలేదు. కావున అట్టి సమయమున మీటతో పెనుగులాడక, తక్షణమే స్టాపు స్విచ్చి నొక్కవలెను.

ఎక్సిలేటరు వైరనగా తొడుగులో జారెడు ఉక్కుతీగె. 1896లో ఇంగ్లండునందు ఎర్నెస్టు బౌడెను పేటెంటు పొందిన ఈ యేర్పాటే సైకిలు బ్రేకులలోను, మోటారు సైకిలు క్లచ్చిలోను నేటికిని పనిచేయుచున్నది. మీట నొక్కినపుడు తీగె కార్బురేటరు కవాటమును తెరచును. వదలినపుడు చిన్న స్ప్రింగు దానిని మూయును. తెరచునది చేతిబలము, మూయునది స్ప్రింగు బలము. చేయి త్రుప్పును మన్నును లెక్కచేయక లాగగలదు, స్ప్రింగు లాగజాలదు. అందుచేతనే పట్టివేసిన వైరు తరచుగ తెరచినచోటనే నిలిచిపోవును.

మరమ్మతునకు పూర్వము ఇంజను చల్లారనిచ్చి, ప్లగ్గు టోపీ ఊడదీయవలెను. పిమ్మట కార్బురేటరు వద్ద వైరు కొన విడదీసి, కవాటపు మీటను వ్రేలితో త్రిప్పి వదలి చూడవలెను. అది టక్కున వెనుకకు రానిచో దోషము కార్బురేటరునందో స్ప్రింగునందో కలదు. వచ్చినచో వైరును, చేతి మీటను పరీక్షింపవలెను. ఈ విధముగ చూడక కార్బురేటరు విప్పించి రైతులు వృథాగ డబ్బు పోగొట్టుకొనుట మేము చూచుచున్నాము.

వైరులో మన్ను చేరినచో దానిని నిలువుగ పట్టుకొని, పైకొన నుండి పలుచని నూనెను చుక్కలుగ వేయుచు, క్రిందికొన నుండి తేట నూనె వచ్చువరకు తీగెను ఆడింపవలెను. గ్రీజు పూయరాదు, అది ధూళిని పట్టియుంచును. తొడుగు లోపల ప్లాస్టిక్ పూత యున్నచో కంపెనీ పుస్తకము చెప్పినట్లు చేయవలెను. తీగెలో ఒక్క పోగు తెగినను, తొడుగు నలిగినను క్రొత్త వైరు వేయుటే మేలు. తెగిన పోగు లోపల మడతపడి మరల పట్టివేయును.

బిగించునపుడు వైరునకు మెలిక పడకుండ చూచి, సర్దుబాటు మరను త్రిప్పి మీట వద్ద ఒకటి రెండు మిల్లీమీటర్ల వదులు ఉంచవలెను. వదులు లేనిచో మీట వదలినను కవాటము పూర్తిగ మూతపడదు. ఇంజను నడపకయే పదిసార్లు నొక్కి వదలి, ప్రతిసారియు మీట తనంత తాను వెనుకకు వచ్చినపుడే ప్లగ్గు టోపీ తగిలింపవలెను.

బాడుగకు తెచ్చిన యంత్రమునకైనను ఈ పరీక్ష తప్పరాదు. అరనిమిషపు పని, కాపాడునది కాలు.