తుపాకీ దించాక ఆమెకు చోటేది?

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ముందు 40 దళిత కుటుంబాలు 80 ఎకరాలు కావాలన్నాయి. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా మొదలైంది. అప్పటికి నల్లగొండ పల్లెల్లో తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం ఇంకా చల్లారలేదు. దాన్ని విరమించింది అక్టోబరులో. ఆ పోరులో ఆడవాళ్లు అన్నం మోశారు, కబుర్లు చేరవేశారు, దళాల్లో తుపాకీ పట్టారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను దొర గడీకి పోనివ్వలేదు. మరి పాలనను తిరిగి నిలబెట్టేటప్పుడు వాళ్లకు దక్కిందెంత? 1952లో ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి శాసనసభకు వెళ్లారు. దళం నడిపిన మల్లు స్వరాజ్యం తుంగతుర్తి ఎమ్మెల్యే అయ్యేసరికి 1978 వచ్చింది.

సత్తా ఉంటే కమలాదేవిలా గెలుస్తారు, చట్టసభల్లో మహిళలకు కోటాలెందుకంటారు కొందరు. ఒకరి గెలుపు ఆమె సత్తాకు రుజువే గానీ, మిగతావాళ్లకు దారి తెరిచారనడానికి కాదు. పోరాటం ముగియగానే ఇంటికి పొమ్మన్నారన్న బాధ 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకంలో ఆ పోరాటంలోని స్త్రీలే చెప్పుకున్నారు. కోటాతో దారి తెరిచిన దేశమూ ఉంది: 1994 మారణహోమం తర్వాత రువాండా 2003 రాజ్యాంగంలో మహిళలకు కనీసం 30 శాతం చోటు రాసుకుంది. 2008కల్లా పార్లమెంటు దిగువ సభలో మహిళలు సగం దాటారు. అక్కడి ప్రజాస్వామ్యం ఎంత నికరమన్నది వేరే తగాదా. కోటాలో గెలిస్తే కుర్చీ భార్యది, పెత్తనం భర్తది అన్న ఆక్షేపణ మాత్రం నిజమే. అందుకు ఆమెను దించడం మందు కాదు; సంతకం, ఫైలు, చెక్కు ఆమె చేతిలోనే ఉండేలా చూడాలి.