దూరాన ఉండి కలిసి పాడటం: సాధనాలు, సాధ్యాసాధ్యాలు

కలిసి పాడటమంటే పలువురు ఒకే పాటను ఒకేసారి పాడటం మాత్రమే కాదు. ప్రక్కవారి గొంతు విని, దానికి తగినట్లు తన గొంతును సరిచేసుకొనటం. బృందగానంలోని రహస్యమంతా ఈ వినికిడిలోనే ఉన్నది. అందరూ ఒకే గదిలో కూర్చున్నప్పుడు ఇది ఎంత సహజంగా జరిగిపోతుందంటే, దానిని గురించి ఎవరూ ఆలోచించరు. గాయకులు వేరువేరు ఊళ్ళలో ఉన్నప్పుడు మాత్రం అదే పెద్ద చిక్కు అవుతుంది.

మన ప్రాంతపు విద్యార్థులకు ఈ చిక్కు క్రొత్తది కాదు. సెలవులు రాగానే ఒకరు మహమ్మద్ నగర్‌లో, ఒకరు బాన్సువాడలో, మరొకరు నిజాంసాగర్ దాపున ఏదో పల్లెలో, ఇంకొకరు హైదరాబాదులో బంధువుల ఇంట ఉంటారు. వార్షికోత్సవానికి ఉర్దూ తరానా, తెలుగు గేయం రెండూ సిద్ధం కావలసి ఉంటుంది. అప్పుడు దగ్గర ఉన్నవారు పాడుతారు, దూరాన ఉన్నవారు శ్రోతలుగా మిగిలిపోతారు. గొంతు లేక కాదు, సాధనకు రాలేక. ఇంటర్నెట్ సాధనాలు ఈ లోటును ఎంతవరకు తీర్చగలవో, ఎక్కడ తీర్చలేవో వివరించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఆలస్యాన్ని గురించి తెలుసుకోవాలి. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. అనగా ఒక మీటరు దాటటానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. సెకనులో వెయ్యవ వంతు ఒక మిల్లీసెకను. వేదికపై 10 మీటర్ల ఎడంగా నిలిచిన ఇద్దరికి ఒకరి గొంతు మరొకరికి సుమారు 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా వినిపిస్తుంది. ఇంతవరకు గాయకులు సర్దుకొనగలరు. అది మించితే తాళం జారుతుంది. ఏలనగా, మొదటివాడు రెండవవాని దెబ్బకోసం ఆగుతాడు, రెండవవాడు మొదటివానికోసం ఆగుతాడు. ఇద్దరూ ఒకరికొకరు ఆగుతూ మెల్లమెల్లగా వెనుకబడిపోతారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ చేఫ్ ప్రభృతులు ఇద్దరిద్దరిని వేరువేరు గదులలో కూర్చోబెట్టి, చప్పట్లు కొట్టించి పరీక్షించారు. ఆలస్యం పెరిగినకొద్దీ కాలప్రమాణం నెమ్మదించినట్లు 2010లో ప్రకటించిన ఆ పరిశోధనలో తేలింది. ఖవ్వాలీలో చప్పట్ల మీదనే పాట నిలుస్తుంది. కావున ఈ ఆలస్యం మనకు ఎంత ముఖ్యమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ ఆలస్యానికి దూరమే కారణమని చాలామంది తలుస్తారు. అది సగమే నిజం. గాజుతీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. బాన్సువాడ నుండి హైదరాబాదుకు తీగ వెంట ఆ లెక్కన ఒకటి రెండు మిల్లీసెకన్లు చాలు. అసలు ఆలస్యం మన చేతిలోని పరికరాల్లోనే పుడుతుంది. ఫోను ధ్వనిని ముక్కలుగా కూడబెట్టుకొని, కుదించి, పంపుతుంది. అవతలి ఫోను ఆ ముక్కలను వరుసగా పేర్చుకొని, విప్పి వినిపిస్తుంది. మొబైల్ సంకేతం క్షణక్షణం మారుతుంటుంది గనుక ఆ పేర్పుకు మరికొంత వ్యవధి కావాలి. తీగలేని బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఒక్కొక్కప్పుడు వంద మిల్లీసెకన్లకు పైగా అదనపు ఆలస్యం చేరుతుంది. కావున తీగ ఉన్న మామూలు ఇయర్‌ఫోన్లే సంగీతానికి మేలు.

సమావేశాల కోసం పుట్టిన జూమ్, గూగుల్ మీట్ వంటివి బృందగానానికి పనికిరాకపోవటానికి మరొక కారణం కూడా ఉన్నది. అవి మాటకోసం ఏర్పడినవి. ఇద్దరు ఒకేసారి గొంతెత్తితే ఒకరి గొంతును అణచివేయటం వాటికి అలవాటు. ఎడతెగక మ్రోగే శ్రుతిని అవి ఫ్యాను చప్పుడుగా భావించి తొలగిస్తాయి. తంబుర గాని, హార్మోనియం శ్రుతి గాని మధ్యమధ్య మాయమయ్యేది ఇందువల్లనే. జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్' అనే ఏర్పాటును ఎంచుకుంటే ఈ తొలగింపు ఆగుతుంది, ఆలస్యం మాత్రం పోదు. అయినను గురువు ఒక పంక్తి పాడి ఆపగా శిష్యుడు దానిని తిరిగి పాడే పద్ధతికి ఇవి చక్కగా సరిపోతాయి. కాలిఫోర్నియాకును మన రాష్ట్రానికిని మధ్య దూరం దాదాపు 14 వేల కిలోమీటర్లు. వెలుతురుకే అక్కడికి చేరటానికి 70 మిల్లీసెకన్లు పడుతుంది. అయినా అక్కడి తెలుగు పిల్లలు ఇక్కడి గురువులవద్ద పాఠం నేర్చుకొనగలుగుతున్నారంటే కారణం ఈ వంతుల పద్ధతియే.

నిజంగా కలిసి పాడటానికి మూడు మార్గాలున్నవి.

మొదటిది ప్రత్యక్షమార్గం. జర్మనీకి చెందిన వోల్కర్ ఫిషర్ 2006లో ప్రారంభించిన జామ్యులస్, స్టాన్‌ఫర్డ్‌లో రూపొందిన జాక్‌ట్రిప్, 2020లో వెలువడిన సోనోబస్ ఈ కోవలోనివి. ఇవి ధ్వనిని అతి చిన్న ముక్కలుగా పంపి ఆలస్యాన్ని తగ్గిస్తాయి. కంప్యూటరు, తీగద్వారా వచ్చే ఇంటర్నెట్, తీగ ఇయర్‌ఫోన్లు ఉంటే ఒకే జిల్లాలోని వారు వీటితో కలిసి పాడవచ్చును. మొబైల్ డేటాపై ఆధారపడిన పల్లెలో మాత్రం వీటిని నమ్ముకొనటం కష్టం.

రెండవది ఆవర్తనమార్గం. 2005లో వచ్చిన నింజామ్ అనే సాధనం ఆలస్యాన్ని తగ్గించటానికి బదులు పెంచుతుంది! ఇతరులు వాయించినది మనకు సరిగా ఒక ఆవర్తనం తరువాత వినిపిస్తుంది. తాళచక్రం చెడదు గనుక అందరూ లయలోనే ఉంటారు. తబలా, డోలక్, హార్మోనియంలతో ఒకే చక్రాన్ని మరలమరల వాయించి మనోధర్మాన్ని పెంచుకొనటానికి ఇది చక్కని అభ్యాసం. చరణం వెంట చరణం మారే పాటకు మాత్రం పనికిరాదు.

మూడవది కూర్పుమార్గం. ప్రతి ఒక్కరూ తమ ఇంట, తమకు వీలైన వేళ, ఒకే మార్గదర్శక ధ్వనిని వింటూ తమ భాగాన్ని ముద్రిస్తారు. తరువాత ఒకరు వాటినన్నిటిని కూరుస్తారు. అమెరికన్ స్వరకర్త ఎరిక్ విటకర్ 2010లో 12 దేశాలకు చెందిన 185 మంది గొంతులను ఇట్లే ఒక మేళంగా కూర్చారు. 2020లో లాక్‌డౌన్ వేళ కోటి స్వరపరచిన కరోనా అవగాహన గీతానికి చిరంజీవి, నాగార్జున, వరుణ్ తేజ్, సాయిధరమ్ తేజ్ ఎవరి ఇంట వారే తమ భాగాలను చిత్రించి ఇచ్చారు. అదే సంవత్సరం 200కు పైగా గాయకులు 'జయతు జయతు భారతం' అనే గీతానికి తమతమ చోట్ల నుండే గొంతు కలిపారు. బ్యాండ్‌ల్యాబ్ ఫోనులోనే ఉచితంగా ఈ పని చేయనిస్తుంది. కంప్యూటరు ఉన్నచోట ఆడాసిటీ ఉచితంగా లభిస్తుంది.

మన పరిస్థితులకు ఈ మూడవ మార్గమే తగినదని నా అభిప్రాయం. ఖర్చు తక్కువ అన్నది దీనికి చిన్న కారణం. పెద్ద కారణం మరొకటున్నది. మన విద్యార్థులలో చాలామందికి సొంత ఫోను లేదు. తండ్రి పనినుండి తిరిగివచ్చిన తరువాతనే ఇంట్లో ఫోను చేతికి వస్తుంది. అన్నగారి ఫోనును అరగంట అడిగి తీసుకొనే ఆడపిల్లలున్నారు. అందరూ ఒకే గంటలో కలవాలన్న నియమం పెట్టిన మరుక్షణం వీరందరూ బృందం నుండి జారిపోతారు. ఎవరికి వీలైన వేళ వారు పాడి పంపవచ్చునన్నప్పుడు ఏ ఒక్కరినీ విడువనక్కరలేదు.

పద్ధతి కష్టమైనది కాదు. మొదట శ్రుతిని, కాలప్రమాణాన్ని నిర్ణయించుకోవాలి. నిమిషానికి 80 దెబ్బలనుకుంటే ఒక్కొక్క దెబ్బకు ముప్పాతిక సెకను. బాగా పాడగలిగిన ఒకరు తాళంతోపాటు పాటనంతా పాడి అందరికీ పంపాలి. దాని ప్రారంభంలో నాలుగు దెబ్బలు లెక్కపెట్టి, ఐదవదానికి ఒక చప్పట్టు ఉండాలి. పాడేవారు దానిని ఇయర్‌ఫోనులో వింటూ, అదే చోట తామూ ఒక చప్పట్టు కొట్టి పాడాలి. కూర్చేవారు ఆ చప్పట్లను ఒకే గీతమీదికి తెస్తే పాటలన్నీ కలిసిపోతాయి. మార్గదర్శక ధ్వని బయటికి వినిపించరాదు. వినిపిస్తే అది కూడా ముద్రణలో చేరుతుంది. పరుపులు, దుప్పట్లు ఉన్న చిన్న గదిలో ప్రతిధ్వని తక్కువ. కుదించని ముద్రణకు నిమిషానికి సుమారు 6 మెగాబైట్లు అవసరం. వాట్సాప్‌లో దానిని డాక్యుమెంటుగా పంపితే నాణ్యత చెడదు.

రెండు భాషలు గల మన కళాశాలకు ఇందులో మరొక లాభమున్నది. ఉర్దూలోని ఖాఫ్, గైన్ అక్షరాల ధ్వనులు తెలుగు లిపిలో లేవు. తెలుగులోని ణకార ళకారాలు ఉర్దూ మాట్లాడే విద్యార్థులకు సులభంగా పలుకవు. తరానాలోని మాటలను ఉర్దూ విద్యార్థి ఒకరు నెమ్మదిగా పలికి పంపితే తెలుగు విద్యార్థి దానిని పదిమార్లు విని నేర్చుకొనవచ్చును. తెలుగు గేయం విషయంలోనూ అంతే. కాగితం మీద వ్రాసుకున్న పాటకన్న చెవితో నేర్చిన పాటలో ఉచ్చారణ నిలుస్తుంది. పక్కవారి భాషను తప్పు లేకుండా పలకటం వారిని గౌరవించటమే.

ఇందులో పోయేది లేకపోలేదు. కలిసి ఊపిరి తీసుకొనటం, ఒకరి ముఖం చూసి మరొకరు పల్లవి అందుకొనటం ఏ సాధనమూ ఇవ్వలేదు. బుర్రకథలో కథకునికి వంతలు అందించే ఊపు కూర్పులో రాదు. కావున మొదటి సాధన, చివరి సాధన కళాశాలలోనే జరగాలి. నడిమి సాధన మాత్రం ఇళ్ళలో సాగవచ్చును.

కళాశాల కమిటీవారికి ఒక మనవి. దీనికి పెద్ద వ్యయం అక్కరలేదు. ఉన్న కంప్యూటరులలో ఒకదానిని ఈ పనికి కేటాయించి, ఒక మైకును, విద్యార్థులకు ఇచ్చి పుచ్చుకొనటానికి కొన్ని తీగ ఇయర్‌ఫోన్లను సమకూర్చితే చాలును. కూర్పు పనిని ఇద్దరు విద్యార్థులకు నేర్పాలి. విద్యార్థుల గొంతులు, ముఖ్యంగా బాలికల గొంతులు, వారి సమ్మతి, వారి ఇంటి పెద్దల సమ్మతి లేనిదే కళాశాల బయటికి పోరాదన్న నియమం మొదటినుండి ఉండాలి. ఆ నమ్మకం లేనిచోట ఎవరూ పాడి పంపరు.

సోదర విద్యార్థినీ విద్యార్థులారా! రాబోయే సెలవులలో ఒక చిన్న పాటతో ఈ ప్రయోగం ప్రారంభించండి. నలుగురితో మొదలుపెట్టండి, రెండు భాషలలో పాడండి. కళాశాల తిరిగి తెరచిన నాడు ఆ పాటను అందరూ కూర్చొని వినండి. దూరాన ఉన్నందువల్ల ఇంతవరకు వినబడని గొంతు ఒక్కటి అందులో వినిపించినా మీ శ్రమ ఫలించినట్లే.