కరివేపాకు వేశాంగా... పాడవదులే!

ప్రయాణానికి పులిహోర కలిపినా, దద్దోజనం తాలింపు పెట్టినా గుప్పెడు కరివేపాకు పడాల్సిందే. ‘ఆకు వేశాం, సాయంత్రం దాకా ఏమీ కాదు’ అనే మాట మీ ఇంట్లోనూ వినే ఉంటారు. అందులో నిజం లేకపోలేదు. అయితే అది ఎంతవరకో తెలియకపోతే ముందు ఇబ్బంది పడేది ఇంట్లోని పసిపిల్లలు, పెద్దవాళ్లే.

కరివేపాకు, తులసి, జామ, తమలపాకుల సారాలు ఆహారాన్ని కలుషితం చేసే బ్యాక్టీరియాను అడ్డుకుంటాయని ప్రయోగశాలల్లో చాలాసార్లు తేలింది. గాజు పళ్లెంలో జెల్లీలాంటి పదార్థం మీద బ్యాక్టీరియాను పరిచి, ఆకు సారంలో ముంచిన చిన్న కాగితపు బిళ్లను దానిపై ఉంచుతారు. మర్నాటికి బిళ్ల చుట్టూ ఖాళీ వలయం ఏర్పడితే సారం పనిచేసినట్టే. తులసిలోని యూజెనాల్, తమలపాకులోని హైడ్రాక్సీచావికాల్ వంటివి బ్యాక్టీరియా కణం పొరను దెబ్బతీస్తాయి. స్టెఫైలోకాకస్, బాసిల్లస్ రకాలు వీటికి కాస్త సులువుగానే లొంగుతాయి. ఈ-కోలై, సాల్మొనెల్లాలకు బయట మరో పొర రక్షణగా ఉంటుంది కాబట్టి అవి మొండికేస్తాయి. టైఫాయిడ్ తెచ్చేది సాల్మొనెల్లా రకమేనని గుర్తుంచుకోండి.

ఇక మన వంటింటి సంగతి. ప్రయోగశాలలో సారమంటే ఆకుల్ని ఎండబెట్టి, పొడిచేసి, తరచూ ఆల్కహాల్‌లో నానబెట్టి, వడకట్టి, ఆవిరి చేయగా మిగిలిన చిక్కటి ముద్ద. తాలింపులో వేసే రెండు రెబ్బలకు దానితో పోలికే లేదు. పైగా ఆహారంలోని కొవ్వులు, మాంసకృత్తులు ఆ రసాయనాల పట్టును తగ్గించేస్తాయి. అంత మోతాదులో కలిపితే ఆ కూర చేదుకు నోట పెట్టలేం! యూరప్‌లో రోజ్‌మేరీ ఆకు సారాన్ని ఆహారంలో వాడటానికి ‘ఈ392’ నంబరుతో అనుమతి ఉంది. అదైనా నూనెలు, కొవ్వులు పాడై వాసన రాకుండా ఉండేందుకే.

మరి పులిహోర నిలవ ఉంటోంది కదా అంటారా? ఆ ఘనత ప్రధానంగా చింతపండు పులుపుది. పులుపులో చాలా బ్యాక్టీరియా పెరగలేదు. అదే కరివేపాకు వేసిన కొబ్బరన్నానికి ఆ రక్షణ లేదు. అన్నం విషయంలో అసలు భయం బాసిల్లస్ సీరియస్‌తోనే. దీని బీజాలు ఉడికినా చావవు. అన్నాన్ని గంటలకొద్దీ బయట ఉంచితే అవి మొలకెత్తి, పెరిగి, విషాన్ని విడుదల చేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. రాత్రి అన్నాన్ని పొద్దున పోపు వేసి తినే ఇళ్లు ఇది మరీ గమనించాలి. వాంతులు సాధారణంగా తిన్న 1 నుంచి 6 గంటల్లో మొదలవుతాయి.

కాబట్టి వండిన పదార్థం 2 గంటలకు మించి బయట ఉండనివ్వకండి. మిగిలిన అన్నాన్ని లోతు గిన్నెలో కాకుండా వెడల్పాటి డబ్బాలో పలుచగా సర్ది ఫ్రిజ్‌లో పెడితే త్వరగా చల్లారుతుంది. తినేముందు పొగలు వచ్చేలా వేడిచేయండి.

ఇంకో సంగతి. ఆకులే బ్యాక్టీరియాను మోసుకురావచ్చు. పచ్చిగా రుబ్బే కొత్తిమీర, పుదీనాలను పారే నీళ్ల కింద బాగా కడగాలి. పానీపూరీ నీళ్లలో ఎంత పుదీనా వేసినా కలుషితమైన నీరు శుభ్రపడదు.

విరేచనాలు పట్టుకుంటే జామాకు కషాయం కాచి ఇవ్వడం మనకు అలవాటే. దాన్ని నమ్ముకుని ఓఆర్‌ఎస్ ఆలస్యం చేయొద్దు. ప్యాకెట్ మీద రాసినన్ని కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి, కొద్దికొద్దిగా తాగిస్తుండండి. మలంలో రక్తం కనిపించినా, బిడ్డ మూత్రం పోయడం తగ్గినా, మగతగా ఉన్నా, తాగిందల్లా కక్కేస్తున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.